వీరబొల్లడి రాయి

క్రేన్ కొక్కెం కిందికి దిగుతుంటే అంతయ్య వెళ్లి రాయికి అడ్డంగా కూర్చున్నాడు.

సుల్తానాబాద్ దగ్గర అతని వరిపొలం గట్టు మీదున్న వీరగల్లు అది. పోరాడి చనిపోయినవాళ్ల గుర్తుగా పూర్వం నిలబెట్టిన చెక్కుడు రాయి. బొమ్మలు ఎప్పుడో అరిగిపోయాయి. పైన సూర్యచంద్రులు, కింద పాచి పట్టిన అక్షరాలు మిగిలాయి. ఆ వీరుడు తమ వంశానికి మూలపురుషుడని, కొత్తింటి ముందు నిలబెట్టుకుంటానని ఊరి దొర జగన్మోహన్‌రావు పట్టుబట్టాడు.

"మా తాతల సంది నాట్లప్పుడు కల్లు సాక పోసి మొక్కుతున్నం దొరా. ఈయన మావోడు," అన్నాడు అంతయ్య.

"అందుకే గద మేడంను తోలుకొచ్చిన. చదివితే ఎవలోడో తెలుస్తది."

మేడం అంటే కరీంనగర్ కాలేజీలో చరిత్ర చెప్పే ప్రమోదిని. కాసింత పిండి కావాలని అంతయ్య భార్య యాదవ్వను అడిగింది. పాచి గీకి జొన్నపిండి రుద్దేసరికి అక్షరాలు తెల్లగా తేలాయి. ఆమె వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంటే అంతయ్య ఆ వేలినే చూస్తున్నాడు. దొర వంశపువాడే అని తేలితే తను లేవక తప్పదు.

"ఎనిమిది వందల ఏండ్ల కిందటిది. పేరు వీరబొల్లడు. గీ పొలాలకు కావలి ఉండి, మీద పడ్డ అడవిపందిని చంపి తనూ పానం ఇడిసిండట."

రావు ముఖం ముడుచుకుంది. కావలోడా అని రెండుసార్లు అడిగాడు. తమ వంశంలో కావలివాళ్లెవరూ లేరని చెప్పి, క్రేన్‌ను వెనక్కి తిప్పమని కారెక్కి వెళ్లిపోయాడు.

అంతయ్య ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తన తండ్రీ, తాతా కూడా చేలకు కావలి కాసినవాళ్లే. యాదవ్వ రాయికి పసుపు పూసింది. నెల రోజుల్లో కాన్పుకు రానున్న కూతురు ప్రవళికకు కొడుకు పుడితే ఇదే పేరు పెడతానన్నాడు.

ప్రమోదిని చేతులకంటిన పిండి దులుపుకుంటూ తటపటాయించింది.

"తాతా, ఏమనుకోకు. దొర ఆఖరి వరుస ఇనకుంటనే పోయిండు. వీరబొల్లడు మనిషి కాదు, కుక్క."

అంతయ్య రాయి వైపు వంగాడు. మెల్లగా దాని నెత్తి నిమిరాడు.

"గందుకే గావచ్చు బిడ్డా, గిన్నేండ్లయినా మా పొలం ఇడిసి పోలే."