తిన్న బిడ్డా

ఊరందరిలాగే ఓదెవ్వ ఈ మధ్యే మింగిన షుగరు మాత్ర ఏడాదంతా కడుపులోనే ఉంటుంది. మనిషి "తిన్న" అనగానే, ఇన్సులిన్ వదలమని క్లోమాన్ని తట్టి లేపుతుంది. మనిషి మాటను నమ్మడమే దాని పని.

మధ్యాహ్నం చెప్పకుండా చుట్టాలొచ్చారు. ఓదెవ్వ తన వంతు అన్నం కూడా వాళ్లకే వడ్డించింది.

"నువ్వు తిన్నవా అత్తమ్మా?" కోడలు లావణ్య అడిగింది.

"తిన్న బిడ్డా."

కాసేపటికే ఒళ్లంతా చెమటలు పట్టి వంటింట్లో ఒరిగిపోయింది. లావణ్య పరుగున వచ్చి చిగుళ్లకు బెల్లం రాసింది. చాలాసేపటికి ఓదెవ్వ కళ్లు తెరిచింది.

"ఎన్నేండ్ల సంది చెప్తున్నవ్ ఈ అబద్ధం?"

"అబద్ధమెట్లయితది? మీరు తింటే నేను తిన్నట్టే."

లావణ్య ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మాత్ర అప్పటికే వింది.