లోపలి పిడి

“తలుపుకి పిడి కావాలి. ఒక్కటే. లోపలి వైపుకి.”

కొట్లోకి అడుగు పెడుతూనే అంది ఆ ముసలావిడ.

మేస్త్రి తల తిప్పి చూశాడు. తలుపులకీ అల్మరాలకీ కావలసిన పిడులూ గడియలూ అతనే స్వయంగా పోత పోస్తాడు. కొట్టు మీద ‘నిండు కంచు’ అని బోర్డు. ఆ మాట చూసే జనం వస్తారు.

“జతగానే అమ్ముతామమ్మా. లోపలికొకటి, బయటికొకటి.”

“బయటికి అక్కర్లేదు.”

“మరి వచ్చినవాళ్ళు తలుపెలా తీస్తారు?”

“తట్టి అడుగుతారు. తీయాలో వద్దో నేను చూసుకుంటాను.”

“మీరే బయటికెళ్ళి వస్తేనో?”

“తాళంచెవి నా బొడ్లో ఉంటుంది.”

అల్మరా పిడులు చూస్తున్న మొగుడూ పెళ్ళాం కిసుక్కున నవ్వారు. మేస్త్రికీ నవ్వొచ్చింది.

“నలుగురికీ కనబడేది బయటిదమ్మా. లోపలిది ఎవరు చూస్తారు?”

“నేను.”

ఆవిడ బల్ల మీది పిడుల్ని ఒక్కొక్కటే గుప్పిట పట్టి చూసింది. కళ్ళు మూసుకుని మరీ చూసింది.

“ఇలా బరువుగా ఉండాలి. పట్టుకుంటే పట్టుకున్నట్టుండాలి.”

వదిలించుకుంటే చాలనుకున్నాడు మేస్త్రి. అడ్రసు రాసుకుని, వచ్చేవారం రమ్మన్నాడు.

లోపలిదేగా, ఎవరికి తెలుస్తుంది? బోలుగా పోసేసి, పైపైన మెరుగు పెట్టాడు.

వారం తిరిగాక వచ్చింది. పిడిని వేలి కణుపుతో టక్కున కొట్టింది.

“ఇది బోలుది.”

కొట్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. మేస్త్రికి ఒళ్ళు మండింది.

“ఈ వయసులో నీకింత పంతమేంటమ్మా? ఇష్టముంటే తీసుకో, లేకపోతే దయచెయ్యి!”

ఆవిడ గొంతు పెంచలేదు.

“నాకు నిండుది చేసివ్వు. లేదా ఆ బోర్డు దించెయ్యి. రెండిట్లో ఏదో ఒకటి జరిగేదాకా వస్తూనే ఉంటాను.”

అన్నట్టే వచ్చింది. రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేది. అరుపు లేదు, శాపనార్థం లేదు.

“ఇవాళా లేదమ్మా.”

“రేపొస్తాను.”

పనివాళ్ళు ‘లోపలమ్మ’ అని పేరు పెట్టారు. ఎండలో వచ్చింది, వానలో వచ్చింది. చూసీ చూసీ మేస్త్రి అటువైపు తల తిప్పడమే మానేశాడు.

ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు.

“లోపలమ్మ పీడ విరగడైంది,” అన్నాడు మేస్త్రి అన్నం తింటూ.

తల్లి వడ్డిస్తున్న చేయి ఆగింది. ఇంటి వెనక పాకలో కూర్చుని పిడులకి మెరుగు పెట్టే మనిషి ఆవిడ. కొట్టు వైపు వెళ్ళేది కాదు.

“ఎవర్రా?”

మేస్త్రి నవ్వుతూ అంతా చెప్పాడు. తల్లి నవ్వలేదు.

“నిండు కంచు అని చెప్పుకుని బతుకుతూ బోలుది అంటగట్టావా? ఆ మాట అడిగిన మనిషి పీడా నీకు? ముందు ఆ కొలిమి అంటించు.”

పోత తల్లి ఎదుటే పోశాడు. మెరుగు ఆవిడే పెట్టింది. కొడుకు చేతికి ఇవ్వకుండా, పిడిని కొంగులో చుట్టుకుని తనే వెంట బయల్దేరింది.

రాసుకున్న అడ్రసులో మేడ మీద ఒంటిగది. ఇంటావిడ తాళం తీసింది.

“మొన్ననే పోయిందండీ. జ్వరమని ఆస్పత్రికి తీసుకెళ్ళాం, మళ్ళీ రాలేదు. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు.”

తలుపు లోపలి వైపు, మేకుకి కట్టిన తాడు ముక్క వేలాడుతోంది. గోడ మీద ఆవిడదే పాత ఫొటో. పాతికేళ్ళ పిల్ల, గడ్డం పైకెత్తి ఎవర్నో నిలదీస్తున్నట్టు చూస్తోంది.

తల్లి ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడిపోయింది. తర్వాత కొంగు విప్పి పిడి కొడుకు చేతికిచ్చింది.

“బిగించు.”

“గది ఖాళీ అయిపోయిందిగా, ఇంకెవరికండీ?” అంది ఇంటావిడ.

“తలుపన్నాక లోపల పిడి ఉండి తీరాలి,” అంది తల్లి. “ మీరు పీకేస్తే మళ్ళీ వచ్చి బిగిస్తాం.”

ఇంటావిడ పక్కకి జరిగింది. మేస్త్రి తాడు విప్పి, పిడి పెట్టి, మరలు ఒక్కొక్కటే బిగించాడు.

“అమ్మా, ఈవిడ నీకు తెలుసా?”

తల్లి ఆ పిడిని గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది.

“నువ్వు నా కడుపులో ఉండగా మేం పనిచేసే పోత షెడ్డు అంటుకుందిరా, బయట తాళం, లోపల పట్టి లాగడానికి పిడి కూడా లేక మేం తలుపుని గోళ్ళతో గీకుతుంటే, ఆ తాళం పగలగొట్టి మమ్మల్ని బయటికి లాగి, నిప్పు పెట్టింది తనేనని యజమాని కేసు బనాయిస్తే తల దించకుండా జైలుకెళ్ళిన పిల్ల ఈవిడే.”