కార్జం ముక్క

"నా కార్జం ముక్కా, కాఫీలో ఉప్పు మరిచిపోకు" అన్నాడు హులూసీ, వంటింట్లోకి తొంగి చూసి.

కూతురు బెర్రిన్‌కి ఆ పిలుపు పుట్టినప్పటి నుంచీ అలవాటే. వాళ్ల ఊరు మలత్యాలో కన్నబిడ్డలను అందరూ అలాగే అంటారు. పిల్లనడగడానికి వచ్చేవాళ్లూ ఆ మాటే వాడతారు. వచ్చిన కుర్రాడికి ఉప్పు కాఫీ ఇస్తారు. మొహం చిట్లించకుండా తాగితే మొగుడిగా పనికొస్తాడని లెక్క.

హులూసీ అక్క మెలీహా ఎనిమిదేళ్లుగా ఈ గుమ్మం తొక్కలేదు. తండ్రి ఇంటి వాటా దగ్గర మాటలు పోయాయి. నిన్న ఉన్నట్టుండి ఫోన్ చేసింది.

"రేపు నేనూ సెర్హత్‌గాడూ వస్తున్నాం. నిన్నొకటి అడగాలి. ఫోన్లో అడిగేది కాదు."

పెళ్లీడు కొడుకున్న మేనత్త ఇంకేం అడుగుతుంది? బెర్రిన్ లేని ఇల్లు తలుచుకుని హులూసీ అప్పుడే ఒకసారి ఏడ్చాడు.

తల్లీ కొడుకూ వచ్చారు. పూలు, చాక్లెట్ డబ్బా తెచ్చారు. సెర్హత్ తల దించుకుని కూర్చున్నాడు. మొహం పసుపుపచ్చగా ఉంది.

"పిల్ల మీద బెంగ కాబోలు" అని హులూసీ చెవిలో గొణిగింది అతని భార్య సానియే.

బెర్రిన్ ఇచ్చిన కాఫీ సెర్హత్ ఒక్క గుక్క తాగి కప్పు కింద పెట్టాడు.

"ఏమనుకోకు మామయ్యా, నాకు ఉప్పు పడదు."

"మా రోజుల్లో కారం కలిపినా గుటకేసేవాళ్లం" అని హులూసీ మూతి ముడిచాడు.

బెర్రిన్ మాత్రం తల్లిని మోచేత్తో పొడిచింది. "అబద్ధం ఆడలేదమ్మా. నాకు నచ్చాడు."

మెలీహా చాలాసేపు చేతిసంచి పిసుకుతూ కూర్చుంది.

"తమ్ముడూ, పాతవన్నీ మరిచిపో. నోరు రావడం లేదు. నీ కార్జం ముక్క అడగడానికి వచ్చాను."

హులూసీ కూతురి వైపు చూశాడు. ఆమె తలూపింది.

"అక్కా, నా ప్రాణం అడిగావు. అయినా నీ బిడ్డకి కాక ఇంకెవరికిస్తాను? ఇచ్చేశాను, తీసుకుపో."

సానియే వెక్కి వెక్కి ఏడ్చింది. మెలీహా వంగి తమ్ముడి చెయ్యి ముద్దుపెట్టుకుంది. పెద్దదానివి, ఇదేం పని అని అతను చెయ్యి లాక్కోబోయాడు.

ఆమె కళ్లు తుడుచుకుని, సంచిలోంచి కాలేయ మార్పిడి ఆసుపత్రి కాగితాలు తీసి అతని ఒళ్లో పెట్టింది: "సగం కోస్తే చాలన్నారు తమ్ముడూ, మూడు నెలల్లో నీకు మళ్లీ పెరుగుతుందట."