గోడ మీద తాళం

"బొమ్మ భేషుగ్గా ఉంది. ఆ తాళం ఒక్కటి తీసెయ్యి" అన్నాడు ఆస్పత్రి మేనేజరు.

ప్రహరీగోడ నిండా, ఆ ఆస్పత్రిలో బట్టలు ఉతికే ఆమె కూతురు వేసిన బొమ్మ. ఆస్పత్రి మెట్ల మీద ఒక తల్లి. ఒళ్ళో వాడిపోయిన పిల్ల. వెనక మూసిన తలుపు, దానికి అరచేయంత తాళం. పైన, తలుపుకంటే పెద్దగా మంత్రిగారి నవ్వుమొహం.

"తాళం తీసేస్తే అది బొమ్మ కాదు సార్, క్యాలెండరు" అంది కూతురు.

"రేపు మంత్రిగారు కొత్త వార్డు తెరవడానికొస్తుంటే, ఆయనకి తాళం చూపిస్తావా? బొమ్మలన్నాక పువ్వులేస్తారు, పిట్టలేస్తారు. మధ్యలో రాజకీయం ఎందుకమ్మా?"

"ఆయన మొహం వెయ్యమన్నది మీరేగా సార్. అది రాజకీయం కాదా?"

మేనేజరు మొహం కందగడ్డ అయింది. విసవిసా లోపలికి వెళ్ళిపోయాడు.

పక్కనే మాసిన దుప్పట్ల మూటతో నిలబడి తల్లి అంతా వింది. ఇంటి ముందు ఏ బండి ఆగినా పోలీసులే అనుకునే మనిషి. ఆ నిమిషంలోనే ఆమె కళ్ళముందు తన ఉద్యోగం ఊడింది, పిల్ల జైలుకెళ్ళింది, అద్దె ఇంటివాళ్ళు సామాను వీధిలో పడేశారు.

"తీసెయ్యవే తల్లీ! కాస్త రంగు పులిమితే పోయేదానికి ఇంత పంతమా?"

"ఆ మెట్ల మీద కూర్చున్నది ఎవరో చూశావా అమ్మా?"

అప్పటిదాకా తాళాన్నే చూస్తున్న తల్లి, అప్పుడు చూసింది.

ఆకుపచ్చ చీర. కొంగు చిరుగుకి తెల్లదారంతో కుట్టు.

తన చీర. తన కుట్టు.

ఈ కూతురికే నాలుగేళ్ళప్పుడు, ఒళ్ళో అది జ్వరంతో పేలిపోతుంటే, ఈ తలుపు ముందే పొద్దుగూకేదాకా కూర్చుంది తను. ఆ రోజు డాక్టర్లంతా ఎవరో మంత్రిగారి సభకి వెళ్ళారన్నారు.

తల్లి ఇక తీసెయ్యమనలేదు.

మధ్యాహ్నానికల్లా గోడ దగ్గర సున్నం బకెట్టు దిగింది. తెచ్చింది ఒక ముసలాయన. ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగని మనిషి.

"మబ్బు పట్టింది. జిగురు దండిగా కలుపు. లేకపోతే నాలుగు చినుకులకే సున్నమంతా జారిపోతుంది" అంటూ మేనేజరు ఆయన చేతిలో ఒక పొట్లం పెట్టాడు.

"నాకు చెప్పాలా అయ్యా" అని ముసలాయన పొట్లాన్ని భుజాన ఉన్న సంచిలో వేసుకున్నాడు.

మేనేజరు అటు తిరగగానే గోడని ఆ మూలనుంచి ఈ మూలదాకా తేరిపార చూశాడు. తాళం మీద గోరుతో గీకాడు.

"ఆయిలు రంగా, నీళ్ళ రంగా పాపా?"

"ఆయిలు" అంది కూతురు.

"బాగా ఆరిందా?"

"నిన్న రాత్రికే ఆరింది తాతా."

తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళూ ఎవరి ముందూ పెగలని గొంతు ఒక్కసారిగా లేచింది.

"ఎందుకయ్యా ఆరా? ఆనవాలైనా మిగలకూడదనా? అది రాజకీయమట! అది నా ఒళ్ళో పిల్లయ్యా! ఈ తలుపుకి తాళం పడ్డ రోజున కాని రాజకీయం, బొమ్మలో వేస్తే అయిందా? నీకు మాత్రం పిల్లల్లేరా? నీ చెయ్యి పడిపోను!"

ముసలాయన నవ్వాడు. "పడిపోయేలోపు గోడ పూర్తవ్వాలి తల్లీ. కాస్త జరుగు, చీర మీద చుక్కలు పడతాయి."

నవ్వు కూడానా! తల్లి దుప్పట్ల మూట నేలకేసి కొట్టి వెళ్ళిపోయింది.

ఆయన తాపీగా సున్నం కొట్టాడు. మెట్లు పోయాయి. పిల్ల పోయింది. చివరికి తాళమూ పోయింది.

మర్నాడు తెల్లగా మెరుస్తున్న గోడ ముందు మంత్రిగారు మైకు అందుకున్నారు.

"ఈ తలుపులు మీకోసం ఎప్పుడూ తెరిచే..."

వాన మొదలైంది.

మంత్రిగారికి నలుగురు గొడుగులు పట్టారు. గోడకి ఎవరు పడతారు?

సున్నం పాలలా కారిపోయింది. ముందు తాళం బయటపడింది. తరవాత ఆకుపచ్చ చీర. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెనకనుంచి ఒక ఆడగొంతు, "మేమూ అక్కడే కూర్చున్నామయ్యా!" అని అరిచింది. ఇక గోల ఆగలేదు.

మంత్రిగారి కారు అటు కదిలిందో లేదో, మేనేజరు ముసలాయన మీద విరుచుకుపడ్డాడు.

"జిగురు కలిపావా?"

"కలిపానయ్యా. సరుకు పాతదేమో."

"చేతకానితనానికి నా సరుకు మీద వంకా? నడు బయటికి! ఇక ఏ సర్కారు గోడ దగ్గరైనా కనపడ్డావంటే చూడు!"

ఇద్దరు బంట్రోతులు ఆయన్ని రెక్కపట్టి గేటు దాటించారు. సంచి కూడా తీసుకోనివ్వలేదు.

తల్లి వసారాలోంచి చూస్తూనే ఉంది.

"బాగా అయింది. ఎవరూ లేనివాళ్ళకి ఆ వానే దిక్కయింది" అంది కూతురితో, కళ్ళు తుడుచుకుంటూ.

సాయంత్రం మేనేజరు ఆ సంచిని ఆమె కాళ్ళ దగ్గరికి విసిరాడు. "ఈ చెత్త పారెయ్."

పారేసే ముందు సంచి పనికొస్తుందేమోనని తిరగేసి దులిపింది. కుంచె పడింది. సున్నం గట్టిన తువ్వాలు పడింది. ఆ తరవాత పడినదాన్ని చేతిలోకి తీసుకుని, నిలబడ్డపళంగా గేటుదాకా పరిగెత్తింది.

"సున్నం తాత ఎటెళ్ళాడు?"

"ఎవరికి తెలుసు? పేరైనా ఎవరడిగారు గనక?" అన్నాడు గేటు మనిషి.

వానకి తడిసిపోతూ రోడ్డు రెండు కొసలూ చూస్తున్న ఆ తల్లి గుప్పిట్లో, కట్టిన దారం ముడి కట్టినట్టే ఉన్న జిగురు పొట్లం ఉంది.