వేరే గిన్నె

పొయ్యి మీద రెండు గిన్నెల్లో కూర ఉడుకుతోంది. పెద్ద గిన్నె ఇంట్లోవాళ్ళకి. చిన్నది ఆయనకి.

"నాకెందుకే వేరే గిన్నె?" అన్నాడు కళ్ళజోళ్ళాయన, వంటింటి గుమ్మంలో నిలబడి.

"మీకు మంచిదని," అంది భార్య, వెనక్కి తిరగకుండానే.

మంచిదట! ఆయన మనసు కీడు శంకించింది.

ఆయనకో కళ్ళజోళ్ళ షాపుంది. కంటికి ఆనని మరలు బిగించే పని. పదిహేనేళ్ళ కిందట మనసు అదుపు తప్పింది. కొన్నాళ్ళు నిద్రే లేకుండా పట్టపగ్గాల్లేని ఉత్సాహం, కొన్నాళ్ళు మంచం దిగనివ్వని దిగులు. బైపోలార్ అన్నారు డాక్టరు. లిథియం మాత్రలు రాశారు. అప్పట్నుంచీ రోజూ మింగుతూ, తన పని తాను చేసుకుంటూ మనిషి నిక్షేపంగా ఉన్నాడు. తేడా కొట్టింది ఈ నాలుగు నెలలుగానే.

చేతులు వణుకుతున్నాయి. మర బిగించబోతే జారి కింద పడుతోంది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు. నడిస్తే అడుగు తడబడుతోంది. నిన్న ఒకావిడ మొహం మీదే అడిగేసింది, "పొద్దున్నే మందు కొట్టి వచ్చారా?" అని. తల కొట్టేసినట్టయింది. చేతులు పోతే ఇంకేం మిగులుతుంది ఆయనకి?

పైగా కూర రుచి మారింది. మాత్రల పుణ్యమా అని ఆయన నాలుక మీద ఎప్పుడూ ఇనుప రుచే. అయినా తెలుస్తోంది. నిమ్మరసం, మిరియాల ఘాటు నషాళానికి అంటుతున్నాయి. ఇంకేదో రుచి కప్పిపుచ్చడానికి కాకపోతే ఇంత ఘాటెందుకు? బావమరిది చూస్తే షాపులో తిష్ట వేశాడు. "మీరు ఇంటి పట్టున ఉండండి బావా, నేను చూసుకుంటాగా," అంటాడు. ఎంత ప్రేమో!

ఆ మధ్యాహ్నం కావాలనే పెద్ద గిన్నెలో గరిటె పెట్టాడు. భార్య పరుగున వచ్చి లాక్కుంది.

"అది మీరు తినకూడదు!"

"నువ్వు తింటున్నావుగా?"

"నేను తినొచ్చు."

"అయితే నా గిన్నెలోది ఓ ముద్ద నువ్వు తిను, చూద్దాం."

తింది. మొహం అదోలా పెట్టి, గుటుక్కున మింగి, గబగబా నీళ్ళు తాగేసింది.

"నన్ను చంపేస్తున్నావే నువ్వు!" అని అరిచాడు.

ఆవిడ బావురుమంది. తమ్ముణ్ణి పిలిచింది. "పాత జబ్బు తిరగబెట్టిందిరా. ఆస్పత్రిలో పెట్టాల్సిందేనేమో," అన్న మాటలు గోడ అవతల ఉన్న ఆయన చెవిన పడనే పడ్డాయి.

ఓహో, ఇదన్నమాట సంగతి!

మర్నాడు చిన్న గిన్నెలో కూర డబ్బాలోకి ఎత్తుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. వద్దన్నా వినకుండా భార్య వెంటపడి వచ్చింది.

డబ్బా బల్ల మీద పెట్టాడు. "ఇందులో ఏం కలిపిందో పరీక్ష చేయించండి." మాట ముద్దముద్దగా వచ్చింది.

డాక్టరు డబ్బా వంక చూడలేదు, ఆయన చేతుల వంక చూశారు. "రక్తపరీక్ష చేయించి ఎన్నాళ్ళయింది?"

"ఏడు నెలలు. బాగానే ఉన్నాను కదా అని..."

అప్పటికప్పుడు రక్తం తీయించారు. రిపోర్టు వచ్చేదాకా మొగుడూ పెళ్ళాలు చెరో బెంచీ మీద కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

రిపోర్టు చదివి డాక్టరు కుర్చీలోంచి లేచారు. "రక్తంలో లిథియం విషమయ్యేంత పెరిగిపోయింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఇంకో వారం ఆగితే మనిషి దక్కేవాడు కాదు. మాత్రలు ఎక్కువ మింగారా?"

"లేదండీ. మీరు రాసినన్నే."

"నొప్పుల మాత్రలేమైనా వాడారా?"

"లేదు."

డాక్టరు ఈసారి ఆవిడ వైపు తిరిగారు. "అమ్మా, దాచకుండా చెప్పండి. ఈయన తిండిలో ఏం కలుపుతున్నారు?"

"అడగండి, గట్టిగా అడగండి!" కళ్ళజోళ్ళాయన బల్ల పట్టుకుని ఊగిపోతున్నాడు. "ఇప్పుడు చెప్పవే!"

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నేనేం కలపలేదు డాక్టరుగారూ, పోయినసారి 'లిథియం కూడా ఓ రకం ఉప్పే, కిడ్నీలు జాగ్రత్త' అని మీరే అన్నారు కదా, ఒంట్లోకి రెండు ఉప్పులెందుకని చిటికెడు చిటికెడు తగ్గిస్తూ ఆయన కూరలో ఉప్పు వేయడమే మానేశాను."

"అయ్యో తల్లీ, ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచేస్తాయి!" అన్నారు డాక్టరు.