కోయకుండా పంపు

కత్తి ఆ మనిషిని చంపి ఏడాది దాటింది. ఇప్పుడది పాటవుతోంది.

కత్తి అసలు పేరు కాదు, ర్యాపరుగా పెట్టుకున్న పేరు. పాటల్లో పూటకో హత్య చేసేవాడు. నిజంగా చేసింది ఒక్కటే, అదీ పనికిమాలిన గొడవలో. మిట్టమధ్యాహ్నం, ఓ పెద్ద బిల్డింగు సెల్లార్లో, ముక్కూ మొహం తెలియనివాడెవడో బండి తీస్తూ కత్తి కారుకు గీత పెట్టాడు. పైగా నవ్వాడు. "చిన్న గీతే కదా తమ్ముడూ" అన్నాడు.

కత్తి డిక్కీలోంచి వీల్ స్పానరు తీశాడు. మొదటి దెబ్బకి దవడ విరిగింది. మూడో దెబ్బకి మనిషి కుప్పకూలాడు. పడ్డాక కొట్టినవాటికి లెక్కే లేదు. కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పెట్టాక ఆపాడు, దయ తలచి కాదు.

పోలీసులు నెలరోజులు కాళ్లరిగేలా తిరిగారు. సెల్లార్లో కెమెరాలు పేరుకే ఉన్నాయి. సాక్షి లేడు, ఆయుధం లేదు. ఫైలు అటకెక్కింది.

పాపం ఊరికే పోతుందా అంటారు గానీ, కత్తికి పోయింది పాపం కాదు, పేరు. ఏడాదిగా ఒక్క పాటా నడవలేదు. కుర్రాళ్లు కామెంట్లలో "అన్నకి వయసైపోయింది" అని ఎగతాళి చేస్తున్నారు. ఈ పాట కూడా తన్నేస్తే ఇక ఎవడూ పిలవడు. చెప్పడానికి వాడి దగ్గర మిగిలిన కొత్త సంగతి ఆ హత్య ఒక్కటే.

"పాటలో చెప్తే ఎవడు నమ్ముతాడురా? అందరూ గొప్పలనుకుంటారు" అని బామ్మర్దికి ధైర్యం చెప్పాడు. కంప్యూటరు దగ్గర కూచుని రికార్డు చేసేది ఆ బామ్మర్దే.

బీటు చెవిటోడి దగ్గర కొన్నారు. చెవిటోడు అనేది నెట్‌లో బీట్లు అమ్మే దుకాణం పేరు. మాటలు పడకముందు పాటకుండే దరువు అక్కడ దొరుకుతుంది, దాని మీద ఎవడి మాటలు వాడు పాడుకోవచ్చు. ఒక్కడే చేసుకుని ఒక్కడే అమ్ముకునే రకమని చెప్పుకుంటారు. ఫొటో పెట్టడు, ఫోన్ ఎత్తడు, ఏదడిగినా టైపు చేసిన జవాబే. దరువు మాత్రం చచ్చినవాణ్ణి లేపి కూచోబెడుతుంది.

"అన్నా, మధ్యలో దెబ్బలు ఇంకాస్త గట్టిగా పడాలి. మార్చిస్తావా?" అని రాశాడు కత్తి.

"చేసిన బీటు మార్చడం లేదు. మీ గొంతు పంపండి, రెండూ కలిపి ఇస్తాం" అని జవాబొచ్చింది.

పొగరుబోతు అనుకున్నాడు కత్తి. పనిమంతుడికి ఆమాత్రం ఉంటుందిలే అని సర్దుకున్నాడు.

బెడ్రూములో బీరువా తలుపులు తీసి, గది మోగకుండా బట్టల మధ్య మైకు పెట్టి పాడాడు. సెల్లారు, గీత, దవడ, ఊడిపోయి నీళ్లు పోయే జాలీలో ఇరుక్కున్న ఎడంకాలి చెప్పు, అన్నీ వచ్చాయి. బామ్మర్ది అటూ ఇటూ కోసి, శుభ్రం చేసి పంపాడు.

రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు జవాబొచ్చింది.

"స్పానరు దగ్గర గొంతు తేలిపోయింది. మళ్లీ పాడండి. ఈసారి కోయకుండా పంపండి. మైకు పెట్టిన దగ్గర్నుంచి తీసేదాకా మొత్తం కావాలి. మీ ఊపిరి కూడా వాడుకుంటాం."

"చూశావురా, అదీ పనితనమంటే" అని కత్తి పొంగిపోయాడు.

ఆ సాయంత్రం నాలుగుసార్లు పాడాడు. మధ్యలో నీళ్లు తాగుతుంటే బామ్మర్ది నసిగాడు. "బావా, ఆ స్పానరు దొరికిందంటే మన బతుకు బస్టాండే."

"ఎక్కడ దొరుకుతుందిరా? అక్కడే లిఫ్టు గుంతలో పడేశా. పోలీసోళ్లు నెలరోజులు దాని మీదే పైకీ కిందికీ తిరిగారు."

మళ్లీ మైకు ముందుకెళ్లాడు. ఈసారి స్పానరు దగ్గర వాడి గొంతు విని బామ్మర్ది హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేశాడు.

"మధ్యలో మాటలున్నాయి, కోసి పంపుదాం బావా."

"అన్న కోయొద్దన్నాడుగా. పంపు."

నాలుగోనాడు పోలీసులొచ్చారు. ఇన్‌స్పెక్టరు కుర్చీ లాక్కుని తాపీగా కూచున్నాడు.

"లిఫ్టు గుంతలో స్పానరు దొరికింది. దాని మీద వెంట్రుకలు కూడా ఉన్నాయి."

ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. కత్తి వెనక్కి తిరిగి మైకు స్టాండు అందుకున్నాడు. మొదటి దెబ్బ బామ్మర్ది ముక్కు మీద పడింది, రెండోది నోటి మీద. పళ్లు కీబోర్డు మీద రాలాయి. "అక్క మీద ఒట్టు బావా, నేను చెప్పలేదు" అంటున్నా ఆపలేదు. బొటబొటా రక్తం కారుతున్నవాణ్ణి గోడకేసి బాదాడు. ముగ్గురు కానిస్టేబుళ్లు మీద పడి, మోకాళ్లతో తొక్కిపట్టి, చేతులు విరిచి బేడీలు వేశారు.

ఇన్‌స్పెక్టరు ఫోన్ తీసి వినిపించాడు. "ఎక్కడ దొరుకుతుందిరా? అక్కడే లిఫ్టు గుంతలో..." అంటోంది కత్తి గొంతు.

"కోద్దామన్నా కదా బావా" అన్నాడు బామ్మర్ది, పగిలిన నోటిని చేత్తో పట్టుకుని.

కత్తి నేలమీద పడి రొప్పాడు. "ఆ చెవిటోడు. వాణ్ణి వదలను. ఎన్నేళ్లకి బయటికొచ్చినా సరే, వెతికి పట్టుకుని ఇదే చేత్తో చంపుతా."

"ఇన్నాళ్లూ ఆ పేరు మీద నీకు జవాబులిచ్చింది ఆయన భార్య," అన్నాడు ఇన్‌స్పెక్టరు లేస్తూ, "చెవిటోణ్ణి నువ్వు ఆ సెల్లార్లోనే చంపేశావు."