పిడికి అతుకు

"ఏదో జిగురు పూసి ఇచ్చెయ్యన్నా, చాలు!" అంటూ చెట్లు కొట్టేవాడు మోటారు రంపాన్ని బల్ల మీద పడేశాడు. చెట్టు కొయ్యడానికి పోయే దారిలో బండి మీంచి జారిపడి, దాని వెనక ప్లాస్టిక్ పిడి అడ్డంగా పగిలింది.

మెకానిక్ పిడిని వంచి చూశాడు. పగులు నోరు తెరిచింది. "జిగురు నాలుగు గుంజులకే ఊడుతుంది. రంపం ఎగిరి నీ మొహం మీదకే వస్తుంది. కూర్చో."

"కూర్చునే టైమెక్కడిది? వానకి నానిన చెట్టు ఇప్పుడే ఒక ఇంటి మీద కూలింది. లోపల ఒకావిడ ఉంది."

మెకానిక్ వెంటనే పనిముట్లు అందుకున్నాడు. పిడి ఊడదీసి, పెట్రోలు మరక పోయేదాకా తుడిచాడు. పగులు ఇంకా పాకకుండా దాని కొసన సన్నగా బెజ్జం వేశాడు. కాల్చిన ఇనప పిన్నులు ఒక్కొక్కటే పగులుకు అడ్డంగా దించసాగాడు. కమురు వాసన గదంతా కమ్ముకుంది.

"నీ ఫోనోసారి ఇవ్వన్నా, నాది చచ్చింది." జవాబు కోసం ఆగకుండానే తీసుకుని చెట్లు కొట్టేవాడు బయటికి పోయాడు. ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడి, ఫోను తన జేబులోనే వేసుకుని తిరిగొచ్చాడు.

"ఆవిడకి దెబ్బలేమైనా తగిలాయా?" పిన్ను మీంచి చూపు తిప్పకుండా అడిగాడు మెకానిక్.

"కాలు దూలం కింద ఇరుక్కుంది. మాట్లాడుతూనే ఉంది. కొమ్మలు కోస్తేగానీ లోపలికి పోలేం."

"ఇంకో రంపమే దొరకలేదా?"

"అందరూ పెద్ద రోడ్డు మీద చెట్లు తీయడానికి పోయారు. ఫైరింజనూ అక్కడే."

"మరి వాళ్లాయన?"

చెట్లు కొట్టేవాడు తల దించుకున్నాడు. "పనిలో ఉన్నాడు."

"పెళ్లాం చెట్టు కింద నలుగుతుంటే పనేంట్రా? మనిషేనా వాడు?"

"మంచి మనిషేలే. నువ్వు కానివ్వన్నా."

ఆఖరి పిన్ను దిగింది. పాత రంపం ప్లాస్టిక్ తొడుగు ముక్కని కరిగించి పగులంతా పూడ్చాడు మెకానిక్. చెట్లు కొట్టేవాడు పిడి అందుకోబోతే చేతి మీద ఒక్కటి వేశాడు.

"ఆగరా! వేడి మీద బిగిస్తే మొత్తం మొదటికొస్తుంది."

ఆ కాసేపూ అతను గుమ్మానికీ బల్లకీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరిగాడు.

చల్లారిన పిడిని మెకానిక్ బిగించి, బలమంతా వేసి వంచాడు. ఇసుమంతైనా కదల్లేదు. తాడు లాగితే రంపం ఒక్క గుంజుకే అందుకుంది. ఆపి, చేతిలో పెట్టాడు.

"ఊఁ, పరుగెత్తు!"

చెట్లు కొట్టేవాడు రంపాన్ని ముందు పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు. కానీ కదల్లేదు. "నువ్వూ ఎక్కన్నా."

"నేనెందుకురా? షాపు తెరిచి పెట్టి..."

"నీ చేతులు వణుకుతాయని ఇందాక చెప్పలేదన్నా. ఎక్కు, వదిన నిన్నే పిలుస్తోంది."